అడిగి నడిచిన బాట

నర్సింహులపేట తండా
18 సెప్టెంబరు 2011

బావా,

కోపంతో మొదలుపెట్టాలనుకున్నాను. "బావా" అని రాయగానే సగం పోయింది. మిగిలిన సగం కూడా పోకముందే అడగాల్సినవి అడిగేస్తాను.

భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర మా వాల్యా అన్న గదిలో ఇంకా ఎన్నాళ్లుంటావు? నీ వకీలు పనికి వాడే ఫోను నంబరు మూసేశావు. అన్న ఫోనుకు చేస్తే ఆయన నీ చేతికిస్తాడు, నువ్వు "ఊ" అంటావు, పక్కన ఇంకెవరో దగ్గుతారు. మొగుడితో మాట్లాడుకోవడానికి అదొక చోటా? అందుకే కాగితం పట్టుకున్నాను. మన లంబాడోళ్ల గోర్ మాటకు రాత లేదు కాబట్టి నీ మీది బెంగను కూడా తెలుగులోనే పెట్టాల్సి వస్తోంది. మన మాటలో అయితే దీన్ని పాట కట్టి పాడేసేదాన్ని.

ఇక్కడ అంతా బందే. సకల జనుల సమ్మెలో బడి మూతపడింది. "టీచరమ్మా, తెలంగాణ వచ్చేదాక బడి లేదా" అని పిల్లలు సంబరంగా అడుగుతున్నారు. మానుకోటలో వకీళ్లంతా కోర్టు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. గోవర్ధన్ సేటు, మన తండా బాట పోయే తన చెల్క భూమిలో హద్దురాళ్లు పాతించి, బాట మూసి, ప్లాట్లు చేయాలంటే సర్వేయరు రావాలి. సర్వేయరు కూడా సమ్మెలోనే ఉన్నాడు. కేసు ఓడిపోయినా మన బాట ఇంకా తెరిచి ఉందంటే ఆ సమ్మె పుణ్యమే. సేటు కూడా జనగామలో గింజల దుకాణం మూసేసి, మెడలో కండువా వేసుకుని మన ఊరి టెంట్లోనే కూర్చుంటున్నాడు. రాష్ట్రం మాత్రం అందరిదీ, బాట ఆయనొక్కడిది.

తండా అంతా ఆ బాట మీదే నడుస్తోంది, మీ బాపు తప్ప. నువ్వు వెళ్లిన మరుసటి రోజు నుంచి మామ వాగులో దిగి అవతలి గట్టెక్కి ఊళ్లోకి పోతున్నాడు. మోకాళ్ల దాకా నీళ్లు. ఈ వయసులో పంచె ఎగగట్టి, చెప్పులు చేత పట్టుకుని. "అందరు నడుస్తున్రు, నీకొక్కనికే వచ్చిందా కోర్టు?" అని అత్త రోజూ తిడుతుంది. "కోర్టు లేదన్నది గద. లేనిదాని మీద ఎట్ల నడుస్త" అంటాడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఒక ఇంట్లో ఇద్దరు మగవాళ్లు. ఒకరు ఆ బాటన వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ఇంకొకరు దాని మీద కాలే పెట్టరు. మధ్యలో నేను రోజూ సాయంత్రం డాంబరు రోడ్డు దాకా నడిచి, ఏ ఆటో ఆగినా తొంగి చూసి తిరిగి వస్తున్నాను.

కోర్టులో ఆ రోజు నేనూ ఉన్నాను కదా. మామ బోనెక్కి ఎంత ధీమాగా నిలబడ్డాడు. సేటు వకీలు మెత్తగా అడిగాడు, "రాంజీ, ఆ బాటన పోతానికి మీరు సేటును అడిగేటోళ్లా?" అని. మామ మొహం వెలిగిపోయింది. "అడిగినం సారూ. ప్రతి దసరాకు సేటు చేతుల జమ్మి పెట్టి, ఈ ఏడు గూడ నడుస్తం సేటు, అని అడిగినం. మా బాపు అడిగిండు, నేను అడిగిన. అడగకుంట నడుస్తానికి మేం దొంగలమా?" వకీలు "చాలు" అని కూర్చున్నాడు. నీ చేతిలో పెన్ను ఆగిపోవడం నేను చూశాను. మామ మాత్రం బయటికి వచ్చి, బాగా చెప్పానన్న సంతోషంతో అందరికీ చాయ్ తాగిస్తానన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మామ జన్మంతా ఆ మాట మీదే బతికాడు. తీర్పు వచ్చిన నాడు కోర్టు మెట్ల మీద నువ్వు, "బాపూ, నీ నోటితోనే మన బాట మూసినవ్" అన్నావు. ఆయన నీ మొహం చూశాడు. తెల్లారి నువ్వు సంచి సర్దుకున్నావు. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆ కోపం ఇంకా ఉంది, చూశావా, పోలేదు.

నువ్వు లా చదివే రోజుల్లో మన చేను గట్టు మీద కూర్చుని రోమ్ దేశపు ముచ్చట్లు చెప్పేవాడివి. రెండు వేల ఏళ్ల కిందటే వాళ్లు ఎదుటివాడి భూమి మీద మనకుండే హక్కులకు పేర్లు పెట్టారని, మనిషి నడిచే హక్కు వేరు, పశువులను తోలే హక్కు వేరు, బండి నడిపే హక్కు వేరు, నీళ్లు మళ్లించుకునే హక్కు వేరు అని. ఆ హక్కు మనిషిది కాదు, భూమిది, మనిషి చచ్చినా అది చావదు అన్నావు. అది నాకు భలే నచ్చింది. అయితే ఏళ్ల తరబడి నడిచి ఆ హక్కు సంపాదించాలంటే మూడు షరతులన్నావు. బలవంతంగా నడవకూడదు, దొంగచాటుగా నడవకూడదు, బతిమాలుకుని నడవకూడదు. మూడోది ఎందుకని అడిగితే, "అడిగితే ఎదుటోడు దయతోని ఇచ్చినట్టు. దయతోని ఇచ్చింది ఎప్పుడైన గుంజుకోవచ్చు" అన్నావు. అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్లంటే, అడిగితే అసలే పెట్టనంటుంది చట్టం. ఆ మాట తెల్లదొరలు మోసుకొచ్చి మన నెత్తిన పెట్టారు. అప్పుడు నవ్వుకున్నాను. అది మన ఇంటి మీదికే వస్తుందని ఎవరికి తెలుసు?

ఇంకోటి కూడా చెప్పావు. చాలాకాలం నడవకపోతే ఆ హక్కు పోతుందని. రోమ్‌లో రెండేళ్లకే పోయేదట, మన చట్టంలో ఇరవై ఏళ్లు కావాలట. బావా, నాకు ఏ చట్టం వర్తిస్తుంది? నువ్వు ఈ ఇంటికి రాకపోతే, నేను నీ పక్కన కూర్చోకపోతే, ఎన్నాళ్లకు మనిద్దరి మధ్య బాట మూసుకుపోతుంది? నవ్వులాటకు మొదలుపెట్టాను కానీ, రాస్తుంటే కళ్లు మండుతున్నాయి. నువ్వు పక్కన లేకపోతే అన్నం కూడా సహించడం లేదు. ఇది మన మాటలో చెప్పినా తెలుగులో చెప్పినా ఒకటే.

బస్సులు కూడా ఆగిపోతాయంటున్నారు. ఆగకముందే నేను భూపాలపల్లి రానా? నువ్వు రమ్మంటేనే వస్తాను.

నీ కల్యాణి


3 అక్టోబరు 2011

బావా,

జవాబు రాలేదు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నావని వాల్యా అన్న చెప్పాడు. జేబులో పెట్టుకున్నందుకు సంతోషం. అక్కడి బొగ్గుగనులు కూడా ఆగిపోయాయట కదా, పనీ లేక ఇల్లూ లేక ఏం చేస్తున్నావు? బస్సులు లేవు కాబట్టి ఈ ఉత్తరం పరకాల దాకా పోయే మోటారు సైకిలు మనిషికి ఇస్తున్నాను.

ఈ సారి నీకు చెప్పాల్సింది రెండు సంగతులు. ఒకటి మామ చెప్పింది, ఇంకొకటి రుక్మిణమ్మ అవ్వ చెప్పింది.

మొన్న మామ కాళ్లు ఒరుసుకుపోతే నూనె రాస్తూ, "కొడుకు ఒక్క మాటన్నడని ఇంత పంతమా మామా" అని అడిగాను. నా చేతిలో నూనె గిన్నె పక్కకు జరిపాడు. తర్వాత చెప్పాడు. సాక్ష్యం నాడు మానుకోట బస్సులో నేను ఆడవాళ్లతో ముందు సీట్లో కూర్చున్నాను కదా, వెనక నువ్వు ఆయన చెవిలో, "అడిగినమని చెప్పకు బాపూ, ఎన్నడు అడగలేదని చెప్పు" అన్నావట. ఆయన, "మరి మా బాపు అడిగింది, నేను అడిగింది అబద్ధమైతదా?" అన్నాడట. నువ్వు కిటికీ వైపు తిరిగావట. "వాడు కేసు ఓడినందుకు పోలే బిడ్డా. నాతోని అబద్ధం చెప్పియ్యబోయిండు గద, గందుకు నా మొఖం చూడలేక పోయిండు. నాకు వాని మీద కోపం లేదు. చదువుకున్నోడు, వానికి గెలువాలనుంటది" అన్నాడు.

బావా, నువ్వు మెట్ల మీద అన్న మాటనే ఇన్నాళ్లూ తలుచుకుని తిట్టుకున్నాను. నువ్వు మోస్తున్నది ఇదని నాకు తెలియదు. కొంచెం ముందే చెప్పి ఉంటే నిన్ను తిట్టిన తిట్లు సగానికి తగ్గేవి.

ఇక రెండోది. నిన్న ఊళ్లో రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గుండిగలు. మన తండా ఆడవాళ్లం జొన్నరొట్టెలు చేస్తుంటే, సేట్ల ఇళ్ల ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. నా పక్కన కూర్చుంది గోవర్ధన్ సేటు తల్లి రుక్మిణమ్మ అవ్వ. ఎనభై దాటిన మనిషి, కత్తిపీట ముందు మాత్రం కోడళ్లను ఓడిస్తోంది. "మీ మామ ఏడున్నడే, టెంట్ల కానొస్తలేడు" అంది.

"వాగుల కెల్లి వస్తున్నడు అవ్వా. తడిసిన పంచెతోని కూసోలేక ఇంటికి పోతడు."

"వాగుల కెల్లి ఎందుకు? బాటేమాయె?"

"బాట మాది గాదని కోర్టు చెప్పింది గద."

ఆమె చేతిలో వంకాయ అట్లాగే ఆగిపోయింది. కొడుకు కేసు సంగతి తల్లికి చెప్పనే లేదట. అప్పుడు ఆమె, పొయ్యిల దగ్గర బియ్యం బస్తా దింపిస్తున్న కొడుక్కు కూడా వినపడేటట్టు చెప్పింది: "నేను కొత్త కోడలుగ వచ్చిన ఏడు. మా మామ ఆ అడవి కొట్టలేక, రాంజీ వాళ్ల నాయినను పిలిపిచ్చి, మొత్తం కొట్టియ్యి, కూలీ కింద లోపలి చెల్క నీకు రాసిచ్చినట్టే అన్నడు. మొదలు రోజు మా మామనే ముందు నడుచుకుంట, ఆ బాటన తీస్కపోయి గట్టు చూపిచ్చిండు. నేను సద్దిమూట పట్టుకొని ఎనుక పోయిన. ఇచ్చినోళ్లం మనమే. లోపలి భూమి ఇచ్చి బాట ఇయ్యకుంటే వాళ్లు గాలిల ఎగిరి పోతరా?"

సేటు, "అమ్మా, నీకు తెల్వది, ఊకో" అన్నాడు. "నాకు తెల్వకుంటే ఇంకెవలికి తెలుస్తది? నీకా, అప్పటికి పుట్టనోనికి?" అంది ఆమె. గుండిగ చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

బావా, నాకు చేతిలో పిండి అట్లాగే ఉండిపోయింది. నువ్వు చెప్పిందే గుర్తుకొచ్చింది. ఒకడు తన భూమిని రెండు చేసి లోపలి ముక్క ఇంకొకరికిస్తే, నోటితో అనకపోయినా దానితో పాటు బాట కూడా ఇచ్చినట్టే. దానికి ఎన్నేళ్లు నడిచామన్న లెక్క లేదు. అడిగామా, అడగలేదా అన్న ప్రశ్నే రాదు. మరి నువ్వెందుకు ఆ మాట ఎత్తలేదు? ఎత్తవు. మన తండాలో పుట్టిన ప్రతి పిల్లకూ పిల్లగాడికీ చెప్పేది ఒక్కటే, ఇది మన తాతలు అడవి కొట్టి చేసుకున్న భూమి అని. ఎవరి అడవి కొట్టారో, ఎవరు కొట్టమన్నారో ఎవరూ చెప్పలేదు. మామకు కూడా తెలియదు, అప్పటికి ఆయన చంటిపిల్లవాడు. మన గొప్ప చెప్పుకుని చెప్పుకుని మన బాటను మనమే మరిచిపోయాం.

పొద్దున్నే ఆటోలో మానుకోట పోయాను. నీ సీనియరు సరోజన మేడం నల్లకోటుతోనే టెంట్లో కూర్చుని నినాదాలిస్తోంది. పక్కకు పిలిచి చెప్పాను. మేడం కళ్లజోడు తీసి, "గిది ముందుగాల తెలిస్తే కేసు ఒక్క పేషీల అయిపోయేది. వాగుల దిగి పోవుడు బాట కాదు, ఎవ్వల్ని అడిగినా చెప్తరు. అప్పీలుల పెట్టొచ్చు. ఆలస్యమెందుకయిందంటే చెప్తానికి రాష్ట్రమంత బందున్నది. కని ఆ అవ్వ వచ్చి చెప్పాలె, కొడుకుకు ఎదురుగ. చెప్తదా?" అంది. అదే నాకూ తెలియదు. నిన్ను అడిగింది కూడా. "వీరేందర్ లేకుంట అప్పీలు ఎవరు రాస్తరు" అంది.

ఇదంతా నిన్ను రప్పించడానికి రాస్తున్నానని అనుకోకు. రప్పించడానికే రాస్తున్నాను. వచ్చెయ్యి బావా. లేదా నన్ను రమ్మను. ఇంకో మూడు రోజుల్లో దసరా. నువ్వు లేకుండా జమ్మి నాకెవరు పెడతారు?

నీ కల్యాణి


17 అక్టోబరు 2011

బావా,

నీ జవాబు అందింది. లారీ డ్రైవరు చేత పంపావు. ఇంత కాగితం మీద ఒక్క వాక్యం. "ఇప్పుడు రావొద్దు, నేనే వస్త." ఎప్పుడో రాయలేదు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తిప్పి చూశానో చెప్తే నీకు నవ్వొస్తుంది. వెనక వైపు కూడా ఏమీ లేదు.

ముందు దసరా సంగతి చెప్తాను. మామ పొద్దున్నే తలంటుకుని, తెల్ల పంచె కట్టుకుని, జమ్మి ఆకు పట్టుకుని బయలుదేరాడు. "ఎక్కడికి మామా?" అన్నాను. "దసరా గద, సేటు ఇంటికి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఓడించిన వాడి ఇంటికి పోయి మళ్లీ అడుగుతావా అన్నాను. ఆయన వినలేదు. వెంట పోయాను. నేను బాటన, ఆయన వాగున. సేటు ఇంటి ముందు ఇద్దరం కలుసుకున్నాం. పంచె కిందంతా బురద.

సేటు అరుగు మీద ఉన్నాడు. మామ జమ్మి ఆయన చేతిలో పెట్టి, అలాయి బలాయి తీసుకుని, "సేటూ, పండుగ చెప్పిపోదామని వచ్చిన. బాట అడుగుతానికి రాలే" అన్నాడు. సేటు మొహం చూడాలి నువ్వు. ఏళ్ల తరబడి వినే మాట ఆ ఏడు వినపడకపోయేసరికి, ఆయనకే ఏదో పోగొట్టుకున్నట్టయింది. లోపలి నుంచి రుక్మిణమ్మ అవ్వ వచ్చి మామ పంచె చూసింది. "గోవర్ధనా, నువ్వు రాసియ్యకుంటే నేనే మానుకోటకు పోయి బోనెక్కుత. నా కాళ్లు మంచిగలేవు, ఎత్తుకొని నువ్వే తీస్కపోవాలె" అంది. సేటు చేతిలోని జమ్మిని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, "సరే రాంజీ, కోర్టు తెరువంగనే రాజీ కాయిదం రాసుకుందాం. బండి పోయేంత వెడల్పు మీకు ఇస్తున్ననని రాస్త" అన్నాడు.

నేను దండం పెట్టబోయాను. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇస్తున్ననని రాయకు సేటూ. ఉన్నదని రాయి" అన్నాడు.

అంత మెత్తగా అన్నాడు బావా, పండుగ పూట పక్కింటి వాళ్ల క్షేమం అడిగినట్టు. సేటు, "నీ కొడుకు రాస్తడా ఆ కాయిదం?" అన్నాడు. "వాడే రాస్తడు" అన్నాడు మామ. అంతే, ఇద్దరూ ఒప్పుకున్నట్టయింది. తిరిగి వచ్చేటప్పుడు మామ బాట మొదట్లో ఆగి, అరుగు వైపు తిరిగి చెయ్యెత్తి, "పోతున్న సేటూ" అని గట్టిగా చెప్పి అప్పుడు కాలు పెట్టాడు. మళ్లీ అడిగావేంది మామా అన్నాను. "అడుగలే, చెప్పిన. పక్కోనికి చెప్పకుంట ఎట్ల నడుస్తం? హక్కున్నదని మర్యాద ఇడుస్తమా?" అన్నాడు.

ఇంటికొచ్చి నీ వాక్యం మళ్లీ తీసి చదువుకున్నాను. "ఇప్పుడు రావొద్దు." పెళ్లయిన దగ్గర నుంచి నేను నిన్ను అన్నీ అడిగాను బావా. అమ్మగారింటికి పోనా, బడిలో చేరనా, ఈ ఎర్ర చీర కట్టనా అని. నువ్వు ఎన్నడూ కాదనలేదు. నీ అంత మంచివాడు లేడని నేను పొంగిపోయాను. ఇప్పుడు మొదటిసారి వద్దన్నావు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ నేను నీ దగ్గర నీ దయతోనే నడిచానని. మంచివాడి దయ కాబట్టి కనపడలేదు. నువ్వు సిగ్గుతో మొహం దాచుకోవాలంటే దాచుకో, కానీ నా మొగుడిని నా నుంచి దాచే హక్కు నీకు ఎవరిచ్చారు? మీ బాపును అబద్ధమాడమన్నావు, ఆయన ఆడలేదు. దానికి నిన్ను ఆయన ఎప్పుడో క్షమించాడు. నువ్వే ఆ వాగులో ఇంకా నిలబడి ఉన్నావు.

ఈ రోజు బస్సులు కదిలాయి. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వరంగల్ బస్టాండులో భూపాలపల్లి బస్సు కోసం కూర్చుని, ఒళ్లో సంచి పెట్టుకుని రాస్తున్నాను. అందుకే అక్షరాలు వంకర. వాల్యా అన్న గది ముందుకు వచ్చాక, తలుపు కొట్టి, దీన్ని ఆయన చేత లోపలికి పంపిస్తాను. నువ్వు చదివినంతసేపు గడప ఇవతల నిలబడతాను.

చదవడం అయిపోయిందా? నేను రావడానికి నీ అనుమతి అక్కర్లేదు బావా, వచ్చేశాను. అయినా రాంజీ కోడలిని కదా, చెప్పకుండా కాలు పెట్టలేను. లోపలికి వస్తున్నాను.

కల్యాణి